మొండివేలు మూసే రంధ్రం

ఆ కుర్చీల కార్ఖానాలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. రోజంతా లేత్ మిషన్ దగ్గర నిలబడి కుర్చీకాళ్ళు, మంచంకోళ్ళు తిప్పేది గనుక జడలో, కనుబొమ్మల్లో, ఆఖరికి టిఫిన్ డబ్బా మూతలో కూడా చెక్కపొట్టు కనిపించేది. ఒకసారి ఆమె ఆడబిడ్డ గేటు దగ్గరికి వచ్చి "మా పొట్టు వదిన ఉందా?" అని అడిగింది. అంతే, ఆనాటినుంచి మేస్త్రి మొదలుకొని టీ తెచ్చే ఆయనదాకా అందరికీ ఆమె పొట్టు వదినే అయింది. తండ్రి వయసువాళ్ళు కూడా వదినా అనే పిలిచేవాళ్ళు. ఆమె మొగుడు బస్సు డిపోలో టైర్లు మార్చే పనివాడు. నువ్వు ఊరందరికీ వదినవైతే నేను ఊరందరికీ అన్నయ్యనే కదా, ఇక ఎవరివంకా కన్నెత్తి చూసే భాగ్యం లేకుండా చేశావని నిష్ఠూరమాడేవాడు.

పదో తరగతిలో సైన్సు తప్పింది వదిన. మళ్ళీ రాయమన్నారు గానీ, ఆ పుస్తకాన్ని ఆమె అటక మీదికి విసిరేసింది. మేనమామది వడ్రంగం పని. ఊరికే కూర్చోవడమెందుకని ఆయన దగ్గర ఉలి పట్టింది, పట్టాక వదల్లేదు. ఆయన పోయాక ఈ కార్ఖానాలో చేరింది. తిరుగుతున్న కొయ్య మీద ఉలి ఆనిస్తే చాలు, లోపల ముడి ఎక్కడుందో, పగులు ఎక్కడ దాక్కుందో ఆమె అరచేతికి తెలిసిపోయేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఉత్తుత్తి వినయం ఆమె ఒంటికి పడదు.

ఆడబిడ్డ ఆమె మొగుడికి ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్ళి ఊసెత్తితే నవ్వేసి, అన్నావదినల ఇంటి పైవాటాలోనే ఉండిపోయింది. ప్రింటింగ్ ప్రెస్సులో కాగితం కోసే మిషన్ మీద పని. సాయంత్రమైతే పిల్లనగ్రోవి. చిన్నప్పుడు బళ్ళో సరదాగా మొదలుపెట్టిందట. పెద్దయ్యేసరికి ఆరేడుగురు వాయిద్యాలవాళ్ళతో కలిసి శనివారాలు లైబ్రరీ పక్క హాల్లో వాయించేది. ఆమె పైన వాయిస్తుంటే కింద వంటింట్లో వదిన కత్తి కూడా అదే లయలో కూరలు తరిగేది. ఆడబిడ్డ అర్ధమొగుడని అంటారు గానీ, మా ఇంట్లో మాత్రం ఒకటిన్నర మొగుడు, అసలు మొగుడికంటే ఎక్కువ నోరు అని వదిన అందరికీ చెప్పేది. ఇద్దరూ పొద్దున లేస్తే పోట్లాడుకునేవాళ్ళు, ఒకరు లేకపోతే ఇంకొకరికి ముద్ద దిగేది కాదు.

అలాంటి పిల్లకు ప్రెస్సులో ప్రమాదం జరిగింది. కాగితాల కట్ట సర్దుతుంటే బ్లేడు దిగింది. ఎడమచేతి ఉంగరపు వేలు మధ్య కణుపు దాకా పోయింది. గాయం మానింది, మళ్ళీ పనిలో చేరింది, నవ్వింది, వదినతో పోట్లాడింది కూడా. పిల్లనగ్రోవిని మాత్రం గుడ్డలో చుట్టి బీరువా పైఅరలో పెట్టేసింది. ఎడమచేతిలో ఎప్పుడూ ఓ చేతిరుమాలు పట్టుకుని ఉండేది. వచ్చినవాళ్ళందరూ ఓదార్చారు. వేలే కదా పోయింది, ప్రాణం దక్కిందన్నారు. వదిన వాళ్ళకు కాఫీలిచ్చి పంపేసింది.

ఒక మధ్యాహ్నం ఆరేసిన బట్టలు తేవడానికి వదిన మేడెక్కింది. ఆడబిడ్డ పిట్టగోడ దగ్గర వీపు ఇటు పెట్టి నిలబడి ఉంది. ఆమె చేతులు రెండూ ఇనప కమ్మీ మీద ఉన్నాయి. వేళ్ళు లేస్తున్నాయి, పడుతున్నాయి. ఏదో పాట వాయిస్తోంది, చప్పుడు లేకుండా. ప్రతిసారీ ఆ మొండివేలు ముందుకు సాగడం, కమ్మీ అందక గాలిలో ఆగిపోవడం వదిన చూసింది. బట్టలు తియ్యకుండానే అడుగులో అడుగు వేసుకుంటూ దిగి వచ్చేసింది.

మర్నాడు ఆ పిల్లనగ్రోవిని ఒకసారి ఇమ్మని అడిగింది. కొలతలు చూసుకుంటానంది. ఎలాగూ నాకు అక్కర్లేదు, నీ ఇష్టం అంది ఆడబిడ్డ.

వదిన లెక్క తేలిగ్గానే కనిపించింది. ఉంగరపు వేలు లేకపోతే దాని పక్కన చిటికెన వేలుంది. మూడో రంధ్రాన్ని అది అందేచోటికి జరిపితే సరిపోతుంది. కుర్చీకాళ్ళకు పనికిరాకుండా మిగిలిన గట్టికొయ్య ముక్క తీసుకుని లేత్ మీద తిప్పింది. పొడుగు డ్రిల్లుతో లోపల బోలు చేసింది. పాతదాని పక్కన పెట్టి రంధ్రాలు తొలిచింది, మూడోదాన్ని మాత్రం కాస్త కిందికి జరిపింది. చూడటానికి అచ్చం పిల్లనగ్రోవే. ఊదితే మాత్రం మూడో రంధ్రం దగ్గర స్వరం జారిపోయింది. రంధ్రం పెద్దది చేస్తే స్వరం పైకి వచ్చింది గానీ, సన్నటి చిటికెన వేలు ఆ కన్నాన్ని మూయలేకపోయింది. గట్టిగా ఊది పై స్థాయికి వెళ్ళబోతే అది ఇంకో దారి పట్టింది. మొగుడు కాసేపు విని, మన కుక్కరే నయం, కనీసం ఉడికాక ఆపుతుంది అన్నాడు.

అలాంటివి చాలా కొయ్యలు చెత్తబుట్టకు చేరాయి. రంధ్రం జరిపితే స్వరం ఎందుకు జారుతోందో తెలియకుండా ఎన్ని తొలిచినా చీకట్లో సూదిలో దారం ఎక్కించినట్టే ఉంది. ఉలి పట్టినప్పటినుంచి చెక్క ఆమె మాట వినకపోవడం అదే మొదటిసారి. చెక్క తప్పేముంది వదినా, అక్కడ పాడేది గాలి, గాలి సంగతి తెలిసినవాళ్ళనడుగు అన్నాడు మేస్త్రి. కాలేజీ ఫిజిక్స్ లాబ్‌కు ఆ వారమే కార్ఖానానుంచి స్టూళ్ళు వెళ్ళాల్సి ఉంది. వాటితోపాటు వ్యానెక్కి వదిన కూడా వెళ్ళింది.

అక్కడి లెక్చరర్ పొట్టిగా, చురుగ్గా ఉండే మనిషి. చీరకొంగు నిండా చాక్‌పీసు పొడి. వదిన చేతిలో ఉన్న ముక్కను ఇటూ అటూ తిప్పి చూసి, ముందుగా ఒక సంగతి ఒప్పుకుంది. తను ఎన్నడూ పిల్లనగ్రోవి చెయ్యలేదు, మేకు కొట్టబోతే వేలు కొట్టుకునే రకం. కానీ గొట్టంలో గాలి ఏం చేస్తుందో మాత్రం చూపించగలనంది.

"మేడం, ముందే చెప్తున్నా. నేను పదోక్లాసులో సైన్సు తప్పినదాన్ని."

"తప్పింది పరీక్ష కదండీ. సైన్సు ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. రండి."

పొడుగాటి గాజుగొట్టంలో సన్నటి పొడి పల్చగా పరిచి, ఒక చివర చిన్న స్పీకర్ పెట్టింది. శబ్దం మొదలయ్యాక మెల్లగా హెచ్చిస్తూ పోయింది. ఒకచోటికి వచ్చేసరికి పొడి ఉన్నట్టుండి కదిలింది. కొన్నిచోట్ల ఎగిరెగిరి ఖాళీ అయింది, మరికొన్ని చోట్ల చిన్న చిన్న గుట్టలుగా కుప్పపడింది. గాలి ఊగేచోట పొడి నిలవదని, ఊగని చోట పోగవుతుందని లెక్చరర్ చెప్పింది. వదిన గొట్టం మీదికి వంగి అలా చూస్తూనే ఉండిపోయింది. అన్నేళ్ళూ పిల్లనగ్రోవి అంటే చెక్క అనుకుంది. ఇప్పుడు తెలిసింది, పొడుగు కొలిచి, వేళ్ళతో మూసి, తెరిచి వాయించేది లోపలున్న గాలినని. చెక్క ఆ గాలికి గోడ మాత్రమే.

ఆ తరువాత వారానికోసారి, ఉదయం షిఫ్టు దిగగానే కాలేజీకి వెళ్ళడం అలవాటు చేసుకుంది. మొదట్లో బోర్డు మీద అంకెలు పడితే ఆమె కళ్ళు గుమ్మంవైపు పోయేవి. లెక్చరర్ అంకె వెయ్యడం ఆపి, గొట్టం చేతికిచ్చి ఊదించేది. రంధ్రం తెరిస్తే గొట్టం అక్కడికి తెగిపోయిందని గాలి అనుకుంటుంది. కానీ రంధ్రం చిన్నదైతే పూర్తిగా నమ్మదు, ఇంకొంచెం ముందుకు వెళ్ళి వస్తుంది, అందుకే స్వరం కిందికి దిగుతుంది. ఈ ముక్క వదిన తనకు తోచినట్టు మార్చుకుంది. పెద్ద తలుపుంటే గడప దాటగానే బయటపడతాం. పిల్లి దూరే కన్నమైతే ఒళ్ళు ముడుచుకుని పాకాలి, ఇల్లు పొడుగైనట్టుంటుంది. అయితే చిన్న కన్నాన్ని నోటికి దగ్గరగా పెట్టినా, పెద్ద కన్నాన్ని దూరంగా పెట్టినా ఒకటే స్వరం పలుకుతుందా అని అడిగింది. లెక్చరర్ చాక్‌పీసు కింద పెట్టేసి, అదేనండీ మొత్తం పాఠం అంది. ఆ రోజు ఇంటికి నడుస్తూ వదిన రెండుసార్లు తనలో తను నవ్వుకుంది. ఎదురొచ్చినవాళ్ళు ఏమనుకున్నారో ఆమెకు పట్టలేదు.

పై స్థాయి ఎందుకు దారి తప్పుతోందో కూడా తెలిసింది. ఊదే రంధ్రానికి పక్కన, గొట్టం మూసిన చివర ఉండే బిరడా సరైన చోట లేకపోతే కింది స్థాయికీ పై స్థాయికీ పొత్తు కుదరదు. బిరడాను గోటి మందం జరపగానే రెండూ కలిశాయి. రంధ్రాన్ని గొట్టం చుట్టూ పక్కకు తిప్పినా స్వరం మారదని మాత్రం వదినే కనిపెట్టి తీసుకెళ్ళింది. గాలికి కుడిఎడమలు తెలియవు మేడం, పొడుగొక్కటే తెలుసు అంది. ఇది నేను క్లాసులో చెప్పుకుంటానని లెక్చరర్ అనుమతి అడిగింది. వదిన ఉదారంగా ఇచ్చింది.

ఇక చిటికెన వేలి ఆలోచన వదిలేసింది. ఆ వేలికి దూరం వెళ్ళే కొద్దీ పెద్ద రంధ్రం కావాలి, అది మూసే శక్తి దానికి లేదు. మిగిలింది మొండివేలే. దానికి అందేలా రంధ్రాన్ని అరచేతివైపు తిప్పి, పైకి జరిపి, చిన్నది చెయ్యాలి. అందుకు ఆ వేలిని చూడాలి. ఇంతవరకూ ఇంట్లో ఎవరూ దాన్ని సరిగా చూడలేదు.

ఒక ఆదివారం పొద్దున వదిన పైవాటాకు ఎక్కింది. రంధ్రాలు లేని బోలు కొయ్యకు పిండిముద్ద అంటించి తెచ్చింది.

"పాట వాయించేటప్పుడు ఎలా పడతావో అలా పట్టు."

"ఇంకా ఎందుకు వదినా? వదిలేసెయ్."

"నీకోసమని ఎవరన్నారే? సంగతి తేలకపోతే నాకు అన్నం సయించట్లేదు. పట్టు."

ఆడబిడ్డ చేతిరుమాలు తీసి మంచం మీద పెట్టింది. పిండి మీద వేళ్ళు ఆనించింది. వదిన ఆ వేలి దగ్గరకు ముఖం పెట్టి చూసింది. జాలిగా చూడలేదు. కొత్త రకం కొయ్య వస్తే ఎలా చూస్తుందో అలా చూసింది, పోగు ఎటుంది, గట్టిదనం ఎక్కడుంది అని.

"నొప్పి ఉందా?"

"రంధ్రం అంచు గుచ్చుకుంటే జిల్లుమంటుంది. మెత్తగా ఆనితే కొసన అసలేం తెలీదు. రంధ్రం మీద ఉందో లేదో కూడా తెలీదు."

"పక్కల్లో?"

"పక్కల్లో తెలుస్తుంది."

వదినకు కావలసింది ఆ మాటే. కొసకు స్పర్శ లేకపోతే, పక్కలకు తెలిసేలా ఆ వేలికో గూడు కట్టాలి. రంధ్రం చుట్టూ కొయ్యను కొంచెం ఎత్తుగా వదిలి, మధ్యలో నున్నగా గిన్నెలా లోతు చెయ్యాలి. వేలు అందులో కూర్చుంటే పక్కలు తగులుతాయి, ఎక్కడా గుచ్చుకోదు. పిండి మీద పడిన అచ్చును చెదరకుండా కిందికి తెచ్చింది. మొగుడు పిండి చూసి టిఫిను అనుకుని చెయ్యి చాచాడు, చివాట్లు తిన్నాడు.

గూడు ఎత్తు పెరగడంతో ఇంకో చిక్కు వచ్చింది. రంధ్రం లోతైంది, లోతైతే గాలికి పాకే దూరం పెరిగినట్టే, స్వరం మళ్ళీ దిగుతుంది. పైన వెడల్పు చేద్దామంటే వేలు మూయలేదు. ఇంకా పైకి జరుపుదామంటే మధ్యవేలి రంధ్రం అడ్డు. లెక్చరర్, వదిన ఇద్దరూ లాబ్‌లో కొత్త స్టూళ్ళ మీద కూర్చుని తలలు పట్టుకున్నారు. పైన కుదరకపోతే లోపల వెడల్పు చేస్తే కాదా అంది వదిన. బయటికి చిన్న నోరు, లోపలికి గంటలా విచ్చుకున్న పొట్ట. లెక్చరర్ లెక్క వేసి చూసి, కుదురుతుంది, కానీ అంత చిన్న కన్నంలోంచి లోపలికి ఏ పనిముట్టు పోతుందండీ అని దిగులుపడింది.

"అది నాకొదిలెయ్యండి మేడం. అక్కణ్ణుంచి నా పనే."

కార్ఖానాలో అరిగిపోయిన ఆకురాయి ఒకటి తీసి కొలిమిలో కాల్చి, కొస వంచి, కొక్కెంలా పదును పెట్టింది. కన్నంలోంచి దించి లోపలి అంచును ఒక్కొక్క పొరగా గీకే పనిముట్టు అది. మొదటిది విరిగింది, రెండోది వంగిపోయింది. మూడోదాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి గట్టిపరచడంలో మేస్త్రి సాయం చేశాడు. దానికి వదిన పెట్టిన పేరు పిల్లిగోరు.

లేత్ మీద కొయ్య తిప్పేటప్పుడు గూడు రావలసినచోట చుట్టూ కడియంలా ఎత్తు వదిలేసి, తరువాత ఉలితో మిగతా కడియాన్ని చెక్కేసి, ఒక్క గూడు మాత్రం ఉంచింది. రంధ్రం ఎక్కడ పడాలో, లోపల ఎంత విచ్చుకోవాలో లెక్చరర్ లెక్క కట్టి చెప్పింది. ఆ అంకె ఎలా వచ్చిందో మొదటినుంచి చివరిదాకా వదినకు అర్థమైంది. డ్రిల్లు ఆన్ చేసే ముందు చెయ్యి ఒక్కక్షణం ఆగింది. ఇంతకుముందు తొలిచి చూసేది, ఇప్పుడు తెలిసి తొలుస్తోంది. ఆ తేడా ఆమెకు ఒళ్ళంతా తెలిసింది. కావాలనే కాస్త తక్కువ తొలిచి, పిల్లిగోరుతో పొర పొరా గీకుతూ, ఊది వింటూ, మళ్ళీ గీకుతూ పోయింది. స్వరం మెల్లగా పైకెక్కి వచ్చి సరిగ్గా చోటు చూసుకుని కూర్చుంది. కాలిపర్ పెట్టి కొలిస్తే లెక్చరర్ చెప్పిన అంకెకు వెంట్రుకవాసి తేడా లేదు. ఫోన్ చేసి ఆ మాట చెబితే లెక్చరర్ అవతల క్లాసులో ఉందట, క్లాసు మొత్తానికీ వినిపించేలా చెప్పేసిందట.

ఆ పిల్లనగ్రోవిని ఇంటి ముందుగదిలో ఆడబిడ్డ చేతిలో పెట్టింది. గడ్డం గీసుకుంటున్న మొగుడు సగం నురగతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆడబిడ్డ వేళ్ళు ఆనించింది. మొండివేలు గూటిలో దిగి కుదురుకోగానే ఆమె కళ్ళు ఒకసారి వదినవైపు తిరిగాయి. ఊదింది. మూడో స్వరం దగ్గర గాలి బుస్సుమంది. వేలు కొంచెం పక్కకు ఒరిగించి మళ్ళీ ఊదింది. పలికింది. మెట్టు మెట్టుగా దిగి వచ్చి, మళ్ళీ ఎక్కింది.

"కాస్త కిందికుంది వదినా, అన్ని స్వరాలూ."

"ఊదుతూ ఉండు. నీ ఊపిరికి లోపల గాలి వేడెక్కాలి. వేడి గాలిలో శబ్దం తొందరగా పరిగెడుతుంది, స్వరం దానంతటదే పైకొస్తుంది."

ఈ మాట అంటున్నప్పుడు తన గొంతులో అచ్చం లెక్చరర్ ధోరణి ఉండటం వదిన గమనించింది, గమనించి సంతోషపడింది. చెప్పినట్టే కాసేపటికి స్వరం చోటికి వచ్చింది. ఆడబిడ్డ ఆగలేదు. నెలల తరబడి లోపల దాచుకున్న పాటలన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికి వచ్చాయి. మొగుడి మొహం మీద నురగ ఆరిపోయింది. తను కళ్ళు తుడుచుకుంటే నురగ అనుకుంటారులే అనుకున్నాడు గానీ, అందరికీ తెలిసిపోయింది.

చివరకు ఆడబిడ్డ పిల్లనగ్రోవి దించి, పెదవి తుడుచుకుని అంది. "అంతా బాగుంది. ఆ మూడోది మాత్రం ముసుగేసుకుని మాట్లాడుతోంది."

వదినకు కోపం రావాలి. రాలేదు. ఆ పిల్ల మళ్ళీ వంకలు పెడుతోందంటే మళ్ళీ వాయిద్యగత్తె అయినట్టే. పైగా అన్నమాట నిజమే, చిన్న రంధ్రం స్వరం కాస్త గుప్పిట్లోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇంకో కొయ్య ఎక్కించింది. మధ్యవేలి రంధ్రాన్ని కూడా కొంచెం పైకి జరిపి చిన్నది చేసి, మూడోదాని గూడును ఇంకాస్త వెడల్పు చేసి, వేలు మూయగలిగినంతవరకూ నోరు పెద్దది చేసి, ఆ మేరకు లోపలి పొట్ట తగ్గించింది. ఈసారి ముసుగు పోయింది.

ఆ శనివారం మధ్యాహ్నం లైబ్రరీ పక్క హాల్లో ఆడబిడ్డ తన పాత కుర్చీలో కూర్చుంది. వదిన, మొగుడు ముందు వరసలో ఉన్నారు. మేస్త్రి ఉతికిన చొక్కాతో వచ్చాడు. లెక్చరర్ తన విద్యార్థుల్లో నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. ఆడబిడ్డ చేతిలో రుమాలు లేదు. ఎడమచెయ్యి అందరికీ కనిపించేలానే ఉంది, కానీ వాయించడం మొదలయ్యాక ఎవరూ దాన్ని చూడలేదు, విన్నారు. అయిపోయాక బృందం పెద్ద, ఫిడేలు వాయించే ముసలాయన, ఆ పిల్లనగ్రోవి తీసుకుని గూడు మీద బొటనవేలు రాసి చూశాడు. ఇలాంటిది ఎక్కడా చూడలేదు, ఎవరు చేశారమ్మా అని అడిగాడు.

"మా వదిన," అంది ఆడబిడ్డ, హాలు మొత్తం వినేలా.

తలలన్నీ తిరిగాయి. వదిన లేచి నిలబడింది. సిగ్గుపడలేదు, అబ్బే నాదేముంది అనలేదు. చేసింది తనే, ఎలా పలుకుతుందో తెలిసి చేసింది. కొంగు సర్దుకుని, అందరి చప్పట్లూ తీరిగ్గా అందుకుని, అప్పుడు లెక్చరర్ని చెయ్యి పట్టి లేపి తన పక్కన నిలబెట్టుకుంది. మేస్త్రిని కూడా లేపబోయింది గానీ ఆయన కుర్చీ పట్టుకుని లేవలేదు.

ఆ తరువాత ఒక్కొక్కరే రావడం మొదలైంది. కీళ్ళు బిగుసుకుపోయి వేళ్ళు చాపలేని ఒక రిటైర్డ్ పోస్ట్‌మన్. చిన్న చేతులతో పెద్ద పిల్లనగ్రోవి కావాలని మంకుపట్టు పట్టిన బడిపిల్ల. పుట్టుకతోనే రెండు వేళ్ళు కలిసి ఉన్న ఒక దర్జీ. మేస్త్రి కిటికీ దగ్గరి బల్ల వదినకు ఖాళీ చేయించాడు. ఏటా ఒకరోజు లెక్చరర్ ఆమెను లాబ్‌కు పిలిపించి విద్యార్థుల చేత పిల్లిగోరు పట్టిస్తుంది. పిల్లలు గాజుగొట్టంలో పొడిని చూసి ఆశ్చర్యపోతుంటే వదిన వెనక నిలబడి, అప్పుడే ఏమైంది, ఇంకా చూడండి అన్నట్టు తలాడిస్తుంది. డిపోలో మొగుడి గొప్పలకు అంతు లేదు. మా ఇద్దరిదీ గాలి పనేనోయ్, నేను నింపుతాను, ఆవిడ పాడిస్తుంది అంటాడు.

తయారైన ప్రతి పిల్లనగ్రోవినీ మొదట వాయించేది ఆడబిడ్డే. వంక పెట్టకుండా ఒక్కటీ గడప దాటదు. ఇప్పుడు వదిన బల్ల మీద దర్జీ కోరిన, మనిషి చెయ్యంత పొడుగున్న, లోతైన గొంతున్న పిల్లనగ్రోవి ఒకటి ఉంది. దాని కింది రంధ్రాలు మామూలు చేతులకే అందవు, ఇక దర్జీ చేతికి అందాలంటే చాలా మాయ చెయ్యాలి. నాలుగు కొయ్యలు పోయాయి. కింది స్వరం ఇంకా మొండికేస్తూనే ఉంది. లెక్చరర్ కుదరదేమో అంటోంది, ఆడబిడ్డ కుదరాల్సిందే అంటోంది. వదిన మాత్రం ఐదో కొయ్యను లేత్‌కు బిగించి, స్విచ్ వేసింది.